జియారత్ సరే, సైర్ ఎప్పుడు?

చెన్నైలో స్థిరపడిన మన నెల్లూరు వైపు ఖాందాన్‌లలో ఆడవాళ్లు రైలెక్కే సందర్భాలు లెక్కపెట్టి చూడండి. షాదీ, మయ్యత్, జియారత్. కసుమూరు దర్గాకీ, ఏఎస్ పేటకీ, మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ రొట్టెల పండక్కీ వెళ్లొస్తారు. అందులో అఖీదత్ ఉంది, కాదనను. కానీ అవన్నీ మన్నత్ కోసమో రిష్తేదారుల కోసమో చేసే సఫర్లే. ఊరికే అల్లాహ్ ఖుద్రత్ చూసి సుబ్‌హానల్లాహ్ అనుకోవడానికి అమ్మీనీ, దాదీనీ ఎప్పుడైనా తీసుకెళ్లామా? జమీన్ మీద తిరిగి చూడమని ఖురాన్ మగవాళ్లకి మాత్రమే చెప్పలేదు గదా!

దీనికి చలికాలమే మంచి మౌసమ్. అయితే చాలామంది ఒక్క రోజులోనే నెల్లూరు, మైపాడు, పులికాట్ అన్నీ చుట్టేయాలనుకుంటారు. రైల్లో నెల్లూరే సుమారు 175 కిలోమీటర్లు. దిగాక మైపాడు సముద్రానికి ఇంకో 20 పైనే. డిసెంబరులో ఆరు గంటల లోపే మగ్రిబ్ అయిపోతుంది. పగలంతా దారికే సరిపోతుంది, దాదీకి మోకాళ్ల నొప్పులే మిగులుతాయి.

నా రాయ్ అడిగితే సూళ్లూరుపేట చాలు. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా అది మన నెల్లూరు తీరమే. సెంట్రల్ నుంచి 83 కిలోమీటర్లు, లోకల్ రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. మన దేశంలో ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది ఇదే. నీళ్లు పలచబడిన చోట ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తుంటాయి. ఉత్తరాన నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతుంటాయి. రెంటిలో ఒకటి చూసినా రోజు నిండుతుంది. నవంబరు, డిసెంబరు తుఫాన్ల నెలలు. ఫిబ్రవరిలోకి ఇప్పుడు రమజాన్ వస్తోంది. కాబట్టి జనవరి బెహతర్.

ముందు తిరుగు రైలు చూసుకోండి. లోకల్ బళ్లు చాలావరకు గుమ్మిడిపూండిలోనే ఆగిపోతాయి, సూళ్లూరుపేట దాకా వచ్చేవి కొన్నే. ఖస్ర్ వర్తిస్తుందా లేదా అన్నది ఊరి పొలిమేర నుంచి లెక్క కాబట్టి ఆలిమ్ సాబ్‌ని ముందే అడగండి. జానిమాజ్‌లు, వజూకి నీళ్లు వెంట ఉంచుకోండి. ఆడవాళ్లకి శుభ్రమైన బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కున్నాకే ఆటో మాట్లాడండి.

ఇంకో మాట. బిర్యానీ దేగ్చీ కోసం అమ్మీని తహజ్జుద్ వేళకే పొయ్యి దగ్గర నిలబెట్టి, రైల్లో వడ్డన కూడా ఆమెకే అప్పజెబితే, మనం వంటింటినే రైలెక్కించినట్టు. ఆ ఒక్క పూట స్టేషన్ బయట ఇడ్లీ తిందాం. కిటికీ సీటు అమ్మీకిద్దాం. ఇంటి పనిలో అందరికీ ఇత్వారం ఉంది, ఆమెకి తప్ప. ఈ జనవరిలో ఒక్కటైనా ఇద్దాం, ఇన్‌షా అల్లాహ్.