జర్మను అతిథులు – మన వసతిగృహము

ఇటీవలి కాలమున మన దేశమునందలి పేరుపొందిన వసతి పాఠశాలలకు జర్మనీ నుండి విద్యార్థి బృందములు వచ్చుట పరిపాటియైనది. ఉపాధ్యాయులు ఒకరిద్దరు వెంటరాగా, పదునైదు పదునారేండ్ల బాలబాలికలు రెండు మూడు వారములు మన పిల్లల నడుమ ఉండి పోవుదురు. వచ్చిన దినమున పూలమాలలు, హారతి, స్వాగతగీతము, మరునాడు నాట్యప్రదర్శనము, ఆపై గోరింటాకు, బిరియాని, చార్మినారు, లాడ్ బజారు గాజులు. పోవునాడు ఒక జ్ఞాపిక, ఒక గ్రూపు ఫొటో. ఇంతటితో సాంస్కృతిక వినిమయము దిగ్విజయముగా ముగిసినదని నివేదికలో వ్రాసికొందురు. వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. మనమిచ్చినది పండుగవేషము, పుచ్చుకొన్నది చాక్లెట్ల పొట్లము. ఈ విషయమున విద్యార్థి సోదరీసోదరులతోడను, కళాశాల పాలకసంఘమువారితోడను కొన్ని మాటలు నిష్కర్షగా చెప్పదలచితిమి.

అతిథిని ఆదరించుట తప్పని మేమనుట లేదు. ఉర్దూవారు మెహమాన్‌నవాజీ యన్నను, తెలుగువారు ఆతిథ్యమన్నను మన ఇండ్లలో దాని అర్థమొక్కటే: ఉన్నదానిలో మంచిది వచ్చినవానికి పెట్టుట. అయితే ఆదరణ వేరు, దాపరికము వేరు. విదేశీయులు వచ్చుచున్నారనగానే వసతిగృహములలో జరుగు హడావుడిని చూడుడు. సాయంకాలపు చదువుగంట మానిపించి నృత్యము నేర్పుదురు. భోజనశాలలోని స్టీలు పళ్లెములు లోనికి పోయి పింగాణీ పళ్లెములు వెలికి వచ్చును. ఏండ్ల తరబడి పిల్లలు మొరపెట్టుకొన్న కుళాయి ఆ వారముననే బాగుపడును. బాగుపడుట మంచిదే, దానికొరకు జర్మనీ నుండి మనుష్యులు రావలసివచ్చుటయే విచిత్రము! ఇదంతయు చూచుచున్న పన్నెండేండ్ల పిల్లవానికి ఏమి బోధపడును? తాను దినదినము తిను పప్పు, తాను కడుగుకొను పళ్లెము, తాను పరచుకొను చాప పరులకు చూపదగినవి కావనియే గదా!

మనము దాచునదియే వారికి క్రొత్త. జర్మనీలో పాఠశాలలు చాలవరకు పగటి పాఠశాలలే. పిల్లలు ఇంటినుండి పోయి సాయంకాలమునకు ఇంటికే చేరుదురు. వసతి పాఠశాలలలో పెరుగువారు అచట బహు కొద్దిమంది. తెల్లవారుజామున మ్రోగు గంట, స్నానపు గదులకడ వరుస, ఒకే గదిలో ఇరువది ట్రంకుపెట్టెలు, ఆదివారమునాడు తల్లిదండ్రులకొరకు గేటువైపు చూచు చూపులు, ఫజర్ నమాజునకు లేచిన బాలుడు ప్రక్కవాని నిద్ర చెడకుండ అడుగులో అడుగు వేసికొనుచు పోవుట – ఇవి ఏ నాట్యప్రదర్శనమందును కానరావు. కావున అతిథికి ప్రత్యేకపు గది వలదు. మన గదిలోనే ఒక మంచము వేయుదము. కాచి చల్లార్చిన నీరు, దోమతెర, కారము తగ్గించిన కూర – ఇవి ఆరోగ్యమునకు సంబంధించినవి గనుక ఇవ్వవలసినవే. పళ్లెము మాత్రము మనతోపాటు ఆతడును కడుగుకొనవలెను.

ఇక భాష. ఉభయులును ఇంగ్లీషుననే మాటలాడుకొందురు. అది వారి సొంత భాషయు కాదు, మన సొంత భాషయు కాదు. జర్మను భాషలో పెద్దలను, క్రొత్తవారిని ఒక మాటతోను, స్నేహితులను మరియొక మాటతోను సంబోధింతురు. మన మీరు, నీవు. ఉర్దూలోని ఆప్, తుమ్ – అదియే మర్యాద. వారి గౌరవవాచకము చెవికి ఇంచుమించు 'జీ' యని వినబడుట కాకతాళీయమే గాని, వినుటకు ముచ్చటగా నుండును. నడుమనున్న నేటి వాడుక ఇంగ్లీషునకే ఈ భేదము లేదు. అతిథులకు మొదటి దినముననే ఈ నాలుగు మాటలు నేర్పినయెడల వార్డెనును ఎట్లు పిలువవలెనో, వంటమనిషిని ఎట్లు పిలువవలెనో వారికి తెలియును. వంటమనిషిని 'మీరు' అని పిలుచు అతిథిని చూచి మనవారు కొందరు నేర్చుకొనవలసినదియు కొంత కలదు.

ఈ మార్గము పాతదే. బెంజమిన్ షుల్ట్‌జె అను జర్మను మతప్రచారకుడు 1719లో తరంగంబాడికి వచ్చి, పిదప మద్రాసున నివసించి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెను. ఆతడే వ్రాసిన హిందుస్తానీ వ్యాకరణము 1745లో జర్మనీలోని హాలె నగరమున అచ్చయ్యెను. తెలుగు అచ్చుపుస్తకములలో మొదటివిగా చెప్పబడునవియు ఆ దశకమున ఆ నగరముననే వెలువడినవి. ఆతడు వచ్చిన పని మతప్రచారము. దానితో మనకు ఏకీభావము ఉండనక్కరలేదు. అయినను ఈ పత్రికలో ఒకే అట్టల నడుమ అచ్చగు రెండు భాషలను శ్రద్ధగా నేర్చి రెంటికిని వ్యాకరణము వ్రాసిన జర్మనుడొకడు మూడువందల ఏండ్లనాడే ఉండెనని మన తరగతులలో ఎందరెరుగుదురు?

ఇప్పుడు చెప్పబోవునది కొంచెము కష్టమైన సంగతి. జర్మనుడు కనబడగానే మన పిల్లలలో కొందరు – మంచి పిల్లలే – హిట్లరును మెచ్చుకొందురు. క్రమశిక్షణగలవాడనియు, ఇంగ్లీషువారిని గడగడలాడించెననియు అందురు. మన ఊళ్లలోని పుస్తకాల అంగళ్లలో ఆతని ఆత్మకథ పోటీపరీక్షల పుస్తకముల సరసన అమ్ముడుపోవుచున్నది గదా! అతిథి సంతోషించునని అన్న ఆ మాటకు అతిథి ముఖము పాలిపోవును. ఆ దేశపు పిల్లలు ఆ చరిత్రను బడిలో చదువుకొని, నిర్బంధశిబిరముల స్మారకస్థలములను చూచి వచ్చినవారు. గోథే మహాకవి నివసించిన వైమారు నగరమునకు కొద్దిమైళ్ల దూరముననే 1937లో బూఖెన్‌వాల్డ్ శిబిరము నెలకొల్పబడినది. ఆ పాలనలో అరువది లక్షలమంది యూదులు హతులైరి. రోమా జనులును పెద్దసంఖ్యలో చంపబడిరి. ఆ రోమా జనుల పూర్వులు వేయేండ్ల క్రిందట మన దేశమునుండి పడమరకు పోయినవారు. నీటిని వారును 'పానీ' యనియే అందురు.

1933లో జర్మనీ జనసంఖ్యలో యూదులు నూటికి ఒక్కరికన్న తక్కువ. అట్టి అల్పసంఖ్యాక వర్గమును మొదట ఉద్యోగములనుండి, 1935లో సమాన పౌరసత్వమునుండి, కడకు భూమిమీదినుండియే తొలగింపబూనిన వానిని అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువు విద్యార్థి పొగడుట మాకు మింగుడుపడుట లేదు. అతిథులు రాకముందు రెండు వారములు నృత్యము నేర్పుటకు మారు రెండు గంటలు ఈ చరిత్ర చెప్పించిన చాలును. అట్లే మన వాకిట ముగ్గులోను, దుకాణము చిట్టాపుస్తకముపైనను కనబడు స్వస్తికము అతిథిని ఉలికిపాటుకు గురిచేయును. నాజీ చిహ్నముల బహిరంగప్రదర్శనము వారి దేశమున శిక్షార్హము. ఈ గుర్తు ఆ పార్టీకన్న వేల ఏండ్లు పాతదని తొందరపడక, తగవులాడక చెప్పగలవాడొకడు మనలో ఉండవలెను.

ఈ సందర్భమున ఒక స్త్రీని తలచుకొనక తప్పదు. హైదరాబాదున 1897లో జన్మించిన జాకీర్ హుస్సేన్ గారు బెర్లినులో చదివి 1926లో డాక్టరు పట్టము పొందిరి. అచట వారికిని వారి మిత్రులకును పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అను యూదు వనిత 1933 ప్రాంతమున ఢిల్లీకి వచ్చి జామియా మిల్లియాలో చేరెను. పిల్లల చదువు, వసతి, ఆరోగ్యము కనిపెట్టి చూచుటయే ఆమె పని. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచిరి. యుద్ధకాలమున జర్మను దేశస్థురాలని ఇంగ్లీషు ప్రభుత్వము ఆమెను నిర్బంధించినది – జర్మనీలోనున్నచో యూదురాలని పట్టుకొనెడివారు. విడుదలయై జామియాకే తిరిగివచ్చి 1943లో మరణించెను. భారతీయ వసతిగృహమునకు వచ్చిన జర్మను అతిథులలో ఆమెకు మొదటిపీట వేయవలెనని మా అభిప్రాయము. ఆమెకు ఎవరును నాట్యప్రదర్శనము చూపియుండరు, పని చూపించిరి.

అతిథులు మనలను అడుగు ప్రశ్నలకు ఉపాధ్యాయులు భయపడుదురు. కులమును గురించి, కట్నమును గురించి, మరుగుదొడ్లు కడుగువారు ఏ కులమువారని అడుగుదురేమోనని వారి బెదురు. అడుగనిండు. తెలిసినంత నిజము చెప్పుదము. మనమును అడుగుదము. జర్మనీలోని అనేక రాష్ట్రములలో నాలుగవ తరగతి ముగియగానే, అనగా పదియేండ్ల ప్రాయముననే, పిల్లలను వేర్వేరు రకముల పాఠశాలలకు విభజింతురు. అంత చిన్నవయస్సున అది న్యాయమా? 1961 నాటి ఒప్పందముపై తుర్కీ నుండి కూలికి వచ్చినవారి మనుమలు నేడు ఏ బడిలో కూర్చొనుచున్నారు? రంజానునాడు వారి తరగతిగది ఎట్లుండును? ఇట్టి ప్రశ్నలు అడిగినప్పుడే పుచ్చుకొనుట మొదలగును.

కాని ఈ ప్రశ్నలు అడుగగల పిల్లలకడకు అతిథులు వచ్చుట లేదు. జర్మనీలో సాలెం పాఠశాలను 1920లో స్థాపించి, యూదుడైనందున 1933లో దేశము విడిచిన కుర్ట్ హాన్ భావములనుండి 1966లో పుట్టిన రౌండ్ స్క్వేర్ అను పాఠశాలల కూటమి కలదు. మన డూన్ స్కూలు, సనావరు లారెన్సు స్కూలు అందు చేరినవి. గొప్ప సంస్థలే, అయితే జీతములు లక్షలలో నుండు బడులవి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి ప్రభుత్వ గురుకులము వెలసినది. తెలంగాణమున 2015లో మైనారిటీ గురుకుల విద్యాసంస్థల సొసైటీ ఏర్పడినది. ఆటో నడుపువాని బిడ్డ, బీడీలు చుట్టు తల్లి బిడ్డ చదువునది అట్టిచోటనే. మన కళాశాలలోని వారెందరో అట్టి గురుకులములనుండి వచ్చినవారే. అతిథులను అచటికిని, మన వసతిగృహమునకును ఆహ్వానింపవలెనని పాలకసంఘమువారిని కోరుచున్నాము.

మరియు తిరుగు ప్రయాణము మాట. ఉపాధ్యాయులతో కూడి విద్యార్థమై పోవు విద్యార్థులకు ఆ దేశపు స్వల్పకాలిక వీసా రుసుము లేదు. అయినను ముప్పదివేల యూరోలకు తగ్గని వైద్యబీమా, బ్యాంకు కాగితములు, మైనర్లకు తల్లిదండ్రుల సమ్మతిపత్రములు, అన్నిటికన్న ముందు పాస్‌పోర్టు కావలెను. దినకూలి తండ్రికి బ్యాంకు కాగితమెక్కడిది? అది సంస్థ హామీతో జరుగవలసిన పని. ఇంగ్లీషు చక్కగా మాటలాడువారినే ఏరుట మాని, ఉర్దూ మాధ్యమమునుండియు తెలుగు మాధ్యమమునుండియు సమముగా ఎన్నుకొని, హైదరాబాదున 2002 నుండి నడుచుచున్న గోథే జెంట్రుమువారి సహాయమున ఆరునెలలు జర్మను నేర్పవచ్చును. పాస్‌పోర్టు దరఖాస్తులు మాత్రము ఈ వేసవి సెలవులలోనే నింపించుట మేలు. పుట్టినతేదీ ధ్రువపత్రములలో ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉన్న విద్యార్థులు మనలో చాలమంది కలరు, వాటిని సరిచేయించుటకే నెలలు పట్టును.