ఆగినవాడికి తోడెవరు?

2025 ఏప్రిల్ 4న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర ఒక చుక్కల దుప్పి మీద కుక్కలు పడ్డాయి. విద్యార్థులు, సెక్యూరిటీ సిబ్బంది కలిసి దాన్ని నల్లగండ్ల పశువైద్యశాలకు చేర్చారు. బతకలేదు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించిన మర్నాడే ఇది జరగడంతో ఆ దుప్పి చావు రాష్ట్రమంతా తెలిసింది. అదే నల్లగండ్లలో ఏ అర్ధరాత్రో కారు గుద్ది నడుము విరిగిన కుక్క ఏ పేపర్లోనూ కనిపించదు.

కనిపించాలని కాదు నేననేది. దుప్పిని చూసినవాళ్లెవరూ ఆగాలా వద్దా అని తర్జనభర్జన పడలేదు. ఎత్తడానికి నలుగురున్నారు, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలుసు. గోపనపల్లి తండా ఫ్లైఓవర్ మీదుగా ఒంటరిగా ఇంటికి పోతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ రెండూ లేవు. వెనక హారన్లు, ఎదురుగా రక్తం, చేతిలో ఫోన్. ఎవరికి చేయాలి?

జనం గుండెలు బండబారాయని తేల్చేయడం సులువు. నేనది ఒప్పుకోను. మనిషి పడిపోయినా ఆగని కాలం మనం చూశాం. పోలీస్ స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయమే కాళ్లు కట్టేసేది. 2005లో 108 అంబులెన్స్ వచ్చింది. సాయం చేసినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 134ఎ సెక్షన్ చేరింది. మనిషి మనసు మారేదాకా ఎవరూ కూర్చోలేదు. ఆగడం తేలికయ్యే ఏర్పాటు చేశారు.

జంతువు దగ్గరకొచ్చేసరికి ఆ ఏర్పాటే లేదు. అదే చట్టంలోని 134వ సెక్షన్ ప్రకారం, వాహనం వల్ల మనిషికి గాయమైనా, ఎదుటివారి ఆస్తికి నష్టం జరిగినా డ్రైవరుకు కొన్ని బాధ్యతలున్నాయి. తెల్లాపూర్ రైతు గేదెను గుద్దితే అది ఆస్తి నష్టం. వీధి కుక్క ఎవరి ఆస్తీ కాదు కాబట్టి ఆ లెక్కలోకే రాదు. జంతువును చంపడం, అంగవికలం చేయడం నేరమని భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ అంటుంది, అయిదేళ్ల దాకా జైలు కూడా ఉంది. కానీ నష్టం చేయాలన్న ఉద్దేశమో, నష్టం జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. ముంబైలో ఆహారం చేరవేసే కుర్రాడి బైక్ తగిలి కుక్క చనిపోతే, మనుషుల కోసం రాసిన ర్యాష్ డ్రైవింగ్ సెక్షన్లు పెట్టి పోలీసులు కేసు కట్టారు. 2022 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. నా దృష్టిలో అది సరైన తీర్పే. తప్పు ఆ కుర్రాడిది కాదు, చట్టంలోని ఖాళీది. ఇక 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై. నల్లగండ్లలో ఆ డబ్బుకు బిర్యానీ ప్లేటు కూడా రాదు.

బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు చట్టం కుక్కను, గుర్రాన్ని, గొర్రెను, మేకను గుద్దిన డ్రైవరు ఆగి తీరాలంటుంది. పిల్లి పేరు అందులో లేదు, అది వేరే విడ్డూరం. దారినపోయే ప్రతివాడూ దయ చూపాలని ఆ చట్టం అడగదు. గుద్దినవాడు ఆగాలంటుంది, అంతే. ఆ తేడా మనకూ అవసరం. గుద్దినవాడికి ఆగడం బాధ్యత, చూసినవాడికి ఒక ఫోన్ కాల్ బాధ్యత. అంతకుమించి చేస్తే అది వారి మంచితనం.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపిన నగరంలో ఈ మాటలేమిటని అడిగేవారున్నారు. వారి కోపం న్యాయమైనదే. కుక్కల సంఖ్యను అదుపు చేయలేకపోవడం నగరపాలన వైఫల్యం. అంతేగానీ, డివైడర్ పక్కన కాళ్లీడ్చుకుంటున్న ప్రాణిని తెల్లారేదాకా అలా వదిలేస్తే ఏ పిల్లాడికీ రక్షణ పెరగదు.

ఆగకూడని చోట్లూ ఉన్నాయి. గంటకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించిన ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు దిగి పరిగెత్తడం దయ కాదు, ఇంకో ప్రమాదం. నొప్పిలో ఉన్న కుక్క పెంచినవాడినైనా కరుస్తుంది. మందపాటి గుడ్డ కప్పకుండా, అట్టముక్కో పలకో కిందకు జరపకుండా ఎత్తబోవద్దు. కరిచిందా, పావుగంట సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా టీకాకు వెళ్లాల్సిందే. దుప్పి, నెమలి వంటివైతే అటవీశాఖకు చెప్పాలి.

1962 నంబరుతో తెలంగాణలో 2017లో సంచార పశువైద్యశాలలు వచ్చాయి. అవి పల్లెల్లోని పాడి పశువుల కోసం తలపెట్టినవి. నగరంలో దెబ్బతిన్న వీధి జంతువుల భారం బ్లూ క్రాస్ లాంటి స్వచ్ఛంద సంస్థల మీద పడింది. కోటి జనాభా దాటిన నగరానికి చందాల మీద నడిచే అంబులెన్సులు చాలవు. 1962ను సైబరాబాద్‌కూ విస్తరించి, రాత్రంతా ఒక వాహనాన్ని, ఒక డాక్టర్ని అందుబాటులో ఉంచడం ఐటీ కారిడార్ పన్నుల ముందు పెద్ద ఖర్చేమీ కాదు. ప్రభుత్వం ఆ పని చేసేలోపు దగ్గర్లోని పశువైద్యశాల నంబరు, వేళలు మీ ఫోన్లో పెట్టుకోండి. గుద్దింది మీ బండే అయితే మాత్రం చట్టం చెప్పలేదు కదా అనుకోకుండా ఆగండి.