గ్రేట్ నికోబార్: రక్షణ ఎంత, రియల్ ఎస్టేట్ ఎంత?

1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో అడుగుపెట్టాయి. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1971లో ఇదే పాఠం తిరగబడింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో విక్రాంత్ కోసం వెతుకుతూ మునిగిపోయిన వేళ, ఆ విమానవాహక నౌక విశాఖలో లేదు. దానిని అండమాన్‌లో దాచి ఉంచారు. తూర్పు తీరానికి ఈ ద్వీపాలు ఎంత ముఖ్యమో తెలుగువారికి వేరెవరూ బోధించనక్కరలేదు.

నేడు ఆ ప్రాముఖ్యం మరింత పెరిగింది. అణ్వస్త్రాన్ని ముందుగా ప్రయోగించబోమని భారత్ 2003లో ప్రకటించిన విధానంలో స్పష్టం చేసింది. ముందుగా కొట్టనని ప్రతిన పూనిన దేశానికి, దెబ్బ తిన్న తరువాత కూడా బదులు చెప్పగల ఆయుధం ఉండి తీరాలి. ఆ భారం విశాఖలో నిర్మించిన అణు జలాంతర్గాముల మీద ఉంది. 2018లో అరిహంత్ తొలి నిరోధక గస్తీని పూర్తిచేసింది. 2024 ఆగస్టులో అరిఘాత్ నౌకాదళంలో చేరింది. అదే ఏడాది నవంబరులో 3,500 కిలోమీటర్లు దూసుకుపోగల కె-4 క్షిపణిని దాని నుంచి పరీక్షించారు. ఈ జలాంతర్గాములకు బలం ఒక్కటే, అవి ఎక్కడున్నాయో శత్రువుకు తెలియకపోవడం. సముద్రగర్భాన్ని కొలిచే పరాయి నౌకలు బంగాళాఖాతంలో యథేచ్ఛగా తిరిగితే ఆ బలం కరిగిపోతుంది. 2019లో షి యాన్-1 అనే చైనా పరిశోధక నౌక పోర్ట్ బ్లెయిర్ సమీప జలాలలోకి అనుమతి లేకుండా రాగా, నౌకాదళం దానిని వెళ్లగొట్టింది. ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవులలో రన్‌వే పొడిగింపు, కొత్త నిర్మాణాలు 2023లో ఉపగ్రహ చిత్రాలకెక్కాయి. కాబట్టి ముప్పు కల్పితమని ఎవరూ అనలేరు.

అయితే ముప్పు నిజమైనంత మాత్రాన, దాని పేరు చెప్పి చేసే ప్రతి పనీ రక్షణ కాజాలదు. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు లెక్కలే ఇందుకు సాక్ష్యం. మొత్తం 166.10 చదరపు కిలోమీటర్లలో పౌర, సైనిక అవసరాలకు ఉమ్మడిగా వాడే విమానాశ్రయానికి 8.45, గలాథియా తీరంలో సరుకు మార్పిడి ఓడరేవుకు 7.66, విద్యుత్కేంద్రానికి 0.39 చదరపు కిలోమీటర్లు. మిగిలిన 149.60 చదరపు కిలోమీటర్లూ నగరానికే. అంటే నూటికి తొంభై పాళ్లు నగర నిర్మాణం. సైన్యం వాడుకొనే విమానాశ్రయం వాటా అయిదు పాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 వేల మంది ఉన్న ద్వీపానికి లక్షల మందిని తరలించి ఏ జలాంతర్గామిని కాపాడతారు? క్యాంప్‌బెల్ బే వద్ద ఐఎన్ఎస్ బాజ్ 2012 నుంచీ ఉంది. దాని రన్‌వేను పొడిగించడానికి, రాడార్లు నిలపడానికి, సముద్రగర్భంలో శ్రవణ పరికరాలు అమర్చడానికి 130 చదరపు కిలోమీటర్ల అడవి నేలకూలవలసిన పని లేదు.

మలక్కా జలసంధి వద్ద చైనా గొంతు నులమవచ్చునన్న వాదన వినడానికి ఇంపుగా ఉంటుంది. జలసంధిని మూయడమంటే యుద్ధం ప్రకటించడమే. ఆ దారినే జపాన్, కొరియాల చమురూ నడుస్తుంది. చైనాకు సుండా, లోంబోక్ వంటి ఇతర దారులూ ఉన్నాయి. ఈ ద్వీపాల అసలు విలువ చూపులో, వినికిడిలో ఉంది. కాపలాదారుకు కావలసినవి కళ్లూ చెవులూ. అతని భుజం మీద ఊరిని మోపితే కాపలా బలపడదు. పైగా ఆ ఊరు యుద్ధంలో తానే రక్షించవలసిన లక్ష్యమవుతుంది.

నిజమైన లోటు వేరే చోట ఉంది. కార్గిల్ తరువాతి సంస్కరణలలో భాగంగా 2001లో త్రివిధ దళాలకూ ఉమ్మడిగా అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడింది. ఉమ్మడి కమాండ్ అధిపతి తన కింద పనిచేసే ఇతర దళాల సిబ్బంది మీద నేరుగా క్రమశిక్షణ చర్య తీసుకొనేందుకు వీలు కల్పించే చట్టం 2023లో గాని రాలేదు. ఇరవై రెండేళ్లు! ఒక చట్టానికి ఇన్నేళ్లు ఆగిన వ్యవస్థకు, ఓడరేవుకు, నగరానికి అనుమతులివ్వడంలో మాత్రం ఎక్కడలేని తొందర పుట్టుకొచ్చింది. గలాథియా వన్యప్రాణి అభయారణ్యం 2021 జనవరిలో రద్దయింది; 2022 నవంబరుకల్లా పర్యావరణ అనుమతి చేతికందింది.

ఆ నేల స్వభావాన్ని కూడా ఈ తొందర మరచింది. 2004 డిసెంబరు 26న ఇందిరా పాయింట్ దాదాపు నాలుగు మీటర్లు కుంగిపోయింది. కార్ నికోబార్ వైమానిక స్థావరంలో వందమందికి పైగా సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు కెరటాలకు బలయ్యారు. నాడు పూర్వీకుల ఊళ్లను వదిలి శిబిరాలకు చేరిన గ్రేట్ నికోబారీలు తిరిగి తమ ఊళ్లకు పోనిమ్మని అడుగుతూనే ఉన్నారు. తొలుత ఇచ్చిన సమ్మతిని వారి గిరిజన మండలి 2022 నవంబరులో ఉపసంహరించుకుంది. 2011 లెక్కల ప్రకారం 229 మంది మాత్రమే ఉన్న షోంపెన్లను అడిగినవారే లేరు.

ఇక గోప్యత. జలాంతర్గామి గస్తీ మార్గం రహస్యంగా ఉండాలి. అందులో వివాదం లేదు. అడవి నరికివేతకు, నగర నిర్మాణానికి సంబంధించిన పత్రాలు రహస్యమెట్లా అవుతాయి? హరిత ట్రిబ్యునల్ 2023లో నియమించిన ఉన్నతాధికార కమిటీ నివేదికనూ వ్యూహాత్మక ప్రాధాన్యం పేరిట ప్రజలకు అందనివ్వలేదు. రక్షణ అన్న మాటను ఈ విధంగా వాడుతూ పోతే, రేపు నిజంగా రహస్యం అవసరమైన నాడు ఆ మాటను ఎవరు నమ్ముతారు?

ప్రభుత్వం చేయవలసింది కష్టమైనదేమీ కాదు. విమానాశ్రయాన్ని, నౌకాదళ సదుపాయాలను నగరం నుంచి విడదీసి, ప్రత్యేక రక్షణ పద్దు కింద పార్లమెంటు ముందుంచాలి. ఓడరేవు, నగరం వాణిజ్య పథకాలుగానే లాభనష్టాల లెక్కకు, గిరిజనుల సమ్మతికి నిలబడాలి. అవి నిలబడలేవన్న భయంతోనే సైనికుడి యూనిఫాం తొడిగారా అన్న ప్రశ్నకు అప్పుడు గాని జవాబు దొరకదు.