వైద్య విషయాలు: గుర్రపువాతం – ఒక రక్తపరీక్ష

షాంటిలీలో ఈ మధ్య సీమంతాలు వరసగా జరుగుతున్నాయి. కనుక గర్భిణుల రక్తపుపోటు గురించి వ్రాయమని ఇద్దరు ముగ్గురు సోదరీమణులు అడిగారు.

మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారే, దాని సంగతే ఇది. ఇరవై వారాలు దాటాక పోటు 140/90 కి చేరి, మూత్రంలో ప్రొటీను పోవడమో, విడవని తలనొప్పో, చూపు మసకబారడమో తోడైతే ప్రీఎక్లాంప్సియా అంటాము. ఆపైన మూర్ఛ వస్తే ఎక్లాంప్సియా. కాళ్ళవాపు మామూలు గర్భిణులకూ ఉంటుంది, దాన్ని బట్టి తేల్చలేము.

మూర్ఛ రానివారి మెదడు క్షేమంగానే ఉన్నట్లా? గుండెకు దెబ్బ తగిలితే ట్రోపోనిన్ రక్తంలోకి వస్తుందని మీకు తెలుసు. అలాగే నరాల తీగలు నొచ్చుకుంటే న్యూరోఫిలమెంట్, టౌ అనే ప్రొటీన్లు రక్తంలోకి జారుతాయి. దక్షిణాఫ్రికాలోని టైగర్‌బర్గ్ ఆసుపత్రి తల్లుల రక్తాన్ని స్వీడన్ పరిశోధకులతో కలిసి పరీక్షించగా, ఎక్లాంప్సియా వచ్చినవారిలో ఇవి బాగా హెచ్చుగా కనిపించాయి. మూర్ఛ రాని ప్రీఎక్లాంప్సియాలోనూ న్యూరోఫిలమెంట్ పెరుగుతుందని ఇతర పరిశీలనలు చెప్పాయి. మాకు ఆలోచన కలిగించినది ఈ రెండవ మాటే.

అయితే ఈ పరీక్ష చేయమని మీ డాక్టరును అడగకండి, ఇంకా వాడుకకు రాలేదు. 2018లో ఇక్కడి ఎఫ్.డి.ఎ. అనుమతించిన మెదడు రక్తపరీక్ష తలకు దెబ్బ తగిలినవారికి. 2023లో అనుమతించినది ప్రీఎక్లాంప్సియాకే గాని, అది చూసేది మాయనుంచి వచ్చే ప్రొటీన్లను. అదీ ఆసుపత్రిలో చేరినవారికి.

చేతిలో ఉన్న మందు పాతదే, మెగ్నీషియం సల్ఫేటు. 33 దేశాల్లో పదివేలమంది తల్లులపై జరిగిన పరిశీలన 2002లో వెలువడింది. మూర్ఛ వచ్చే అవకాశం సగానికి తగ్గింది.

మాకు ఎక్కువ బెంగ కాన్పు తర్వాత. ఆరువారాల దాకా ఇది రావచ్చు. బాలింత తలనొప్పి అంటే, ఇండియానుంచి వచ్చిన అమ్మగారు గాలి తగిలిందని చెవుల్లో దూదిపెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడతారు. అత్తగారైతే నిద్ర చాలలేదంటారు. దూది పెట్టండి, కాదనము. కాని ముందు పోటు చూడండి. ఇంట్లో ఒక మిషను ఉంచుకోండి. 140/90 దాటితే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. 160/110 ఉన్నా, చూపు చెదిరినా, తలనొప్పి తగ్గకపోయినా రాత్రని చూడక ఎమర్జెన్సీకి వెళ్ళండి. గుమ్మంలోనే, కాన్పై ఇన్ని రోజులైందని చెప్పండి. బిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన మనిషిని చూసి వారికి ఆ సంగతి తట్టదు.