జ్వరం తగ్గాక లెక్కకు రాని జబ్బు

జ్వరం తగ్గితే జబ్బు నయమైనట్టేనన్న విషయంలో మన ఆసుపత్రులూ మన ఇళ్లూ ఒకే మాట మీద ఉంటాయి. ఒళ్లు చల్లబడిన మర్నాడు ఆడమనిషి పొయ్యి దగ్గర ఉండాలి, ఆ పై రోజు కూలిలో ఉండాలి. కానీ వైరస్ జ్వరాల తర్వాత కొందరిలో నెలల తరబడి ఒక బాధ మిగిలిపోతుంది. చేస్తున్న పని మధ్యలో మరపు రావటం, లెక్క తప్పటం, తెలిసిన మాటే నోటికి అందకపోవటం, కాస్త శ్రమపడితే మర్నాడు లేవలేకపోవటం దాని లక్షణాలు. డాక్టర్లు దీన్ని ‘బ్రెయిన్ ఫాగ్’ అంటున్నారు. తల మొద్దుబారటం అని మనం చెప్పుకునేది దీన్నే. ఇది ఆరోగ్యం శీర్షికలో చదివి వదిలెయ్యాల్సిన సంగతి కాదు, స్త్రీల శ్రమకూ కూలికీ సంబంధించిన హక్కుల సమస్య.

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతానికి జ్వరాలు కొత్త కాదు. 2006లో దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైన చికున్‌గున్యా రాయలసీమనూ వదల్లేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా కేసుల్లో రాష్ట్రంలో కర్నూలు జిల్లాయే ముందుంది. ఆనాడు కేసుల లెక్క, చావుల లెక్క రోజూ ప్రకటించారు. బతికి బయటపడినవాళ్లలో ఎందరు మునుపటిలా పని చెయ్యలేకపోతున్నారన్న లెక్క ఆ ప్రకటనల్లో ఎన్నడూ లేదు.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం పేరు అందరికీ తెలుసు. మగ్గం చుట్టూ ఆడవాళ్లు చేసే పని మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. కండెలు చుట్టటం, పడుగు పోగులు అతకటం, రంగు వరసలు గుర్తుపెట్టుకోవటం ఇవన్నీ వందల పోగుల మీద కన్నూ మనసూ నిలిపి చెయ్యాల్సిన పనులు. ఒక్క పోగు తప్పితే బట్టలో తప్పు పడుతుంది, కూలిలో కోత పడుతుంది. ఆదోనిలో పత్తి ఏరటం, బాగు చెయ్యటం, జిన్నింగ్ మిల్లుల్లో యంత్రాల పక్కన పని చెయ్యటం కూడా ఇలాంటివే. అక్కడ క్షణం ఏమరుపాటు చేతికే ముప్పు. మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే స్త్రీలకు కిలోల లెక్కన కూలి. చెయ్యి మందగిస్తే ఆ రోజు అన్నమే తగ్గుతుంది.

అయినా వీటిని మనం ‘ఒళ్లు వంచితే చాలు’ అనే పనులుగానే చూస్తున్నాం. పట్నంలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగికి తల మొద్దుబారితే దానికి జబ్బు అన్న పేరైనా దొరుకుతుంది. పోగులు అతికే స్త్రీకి అదే జరిగితే సోమరితనం అంటారు, అశ్రద్ధ అంటారు. ఆమె చేతిలో ఉన్నది నేర్పు అని ముందునుంచీ ఒప్పుకోని సమాజం, ఆ నేర్పు పోతే నష్టం జరిగిందని ఎలా ఒప్పుకుంటుంది?

వైద్యశాస్త్రం కూడా ఈ దోషానికి అతీతం కాదు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు 300 మంది సిబ్బంది ఇలాంటి జబ్బుతో మంచాన పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది నర్సులు. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు పాత కాగితాలు తిరగేసి అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. బాధితుల్లో స్త్రీలే ఎక్కువగా ఉండటం వాళ్లు చూపిన ఆధారాల్లో ఒకటి! 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అనంతర స్థితికి నిర్వచనం ఇస్తూ ఆలోచనా శక్తి మందగించటాన్ని ప్రధాన లక్షణాల్లో చేర్చింది. కానీ మన ఆసుపత్రిలో ఈ బాధ చెప్పుకుంటే ‘రక్తం తక్కువ, బలానికి మాత్రలు వేసుకో’ అన్న మాటతో సరిపెట్టటమే ఎక్కువ. రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నమాట నిజమే. రక్తహీనత, థైరాయిడ్, చక్కెర జబ్బు కూడా తలను మొద్దుబారుస్తాయి కనుక వాటిని పరీక్షించి తీరాలి. అవి లేవని తేలాక, ఉన్నా మందులతో బాధ తగ్గకపోయాక, ‘నీకేమీ లేదు’ అని పంపెయ్యటం మాత్రం వైద్యం కాదు.

ఇక చట్టం సంగతి. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం జబ్బు భృతిగా వస్తుంది. ఇంట్లో కండెలు చుట్టే స్త్రీ, పొలంలో పత్తి తీసే స్త్రీ ఆ పరిధిలోకి రారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అసంఘటిత కార్మికులకు పథకాలు రూపొందించాలంటుంది గాని, జబ్బు రోజులకు కూలి పొందే హక్కు ఇవ్వదు. ఇది సాధ్యం కాదనటం సరికాదు. ఆపరేషన్ అయిన పేదలకు కోలుకునే కాలంలో రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చే పథకాన్ని మన రాష్ట్రమే 2019 డిసెంబరులో ప్రారంభించింది. కోలుకోవటానికీ కాలం పడుతుందనీ, ఆ కాలానికి తిండి కావాలనీ అప్పుడు ఒప్పుకున్న ప్రభుత్వం కత్తి గాటు కనపడని జబ్బుకు ఎందుకు ఒప్పుకోకూడదు?

మన డిమాండ్లు పెద్దవేమీ కావు. జ్వరం వచ్చిన మూడు నెలలకు ఆశా కార్యకర్త మళ్లీ వెళ్లి ‘పని మునుపటిలా సాగుతోందా?’ అని అడగాలి, జవాబు రాసుకోవాలి. ఆశాలకు ఆ పనికి వేరే పారితోషికం ఇవ్వాలి. కోలుకునే కాలానికి భృతి ఇవ్వాలి. మగ్గం ఎవరి పేరున ఉన్నా, పని చేసే స్త్రీని కార్మికురాలిగా ఆమె పేరునే నమోదు చెయ్యాలి. మిల్లుల్లో అలాంటి స్త్రీని పని మాన్పించకుండా, యంత్రాలకు దూరంగా తేలిక పని ఇవ్వాలి. ఇంట్లోవాళ్లు చాకిరీ పంచుకోవాలి. శ్రమపడితే పెరిగే జబ్బుకు మొదటి మందు విశ్రాంతి. మన ఇళ్లలో స్త్రీకి దొరకనిది అదే.