లీడరంటే ప్రేయర్‌లో అరిచేవాడు కాదు

పదో తరగతిలో నేను స్కూల్ ప్యూపిల్ లీడర్‌ని. అందరూ ఎస్పీఎల్ అనేవారు. చొక్కాకి ఓ రేకు బ్యాడ్జీ ఉండేది. రోజూ ప్రేయర్‌లో 'సావధాన్, విశ్రామ్' అని అరవడం, సార్ రానప్పుడు మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, ఆఫీసు రూమ్ నుంచి సుద్దముక్కలు తేవడం. ఏడాది మొత్తం నేను చేసిన లీడర్‌షిప్ ఇదే!

ఆ ఏడాది మా స్కూల్లో బోరు మోటారు కాలిపోయి నెలల తరబడి నీళ్లు రాలేదు. మగపిల్లలం గోడ దూకి పొలాల్లోకి పోయేవాళ్లం. మరి ఆడపిల్లలు? బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చునేవాళ్లట. ఈ సంగతి నాకు పదేళ్ల తర్వాత, ఒక పెళ్లిలో భోజనాల దగ్గర కలిసిన క్లాస్‌మేట్ చెబితే తెలిసింది. "నువ్వు లీడర్‌వి కదరా, ఒక్కసారైనా హెడ్మాస్టర్ని అడగలేదేం?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ తర్వాత ముద్ద దిగలేదు.

ఇప్పుడిదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా చిన్నాన్న కూతురు వల్ల. పదో తరగతి చదువుతోంది. మొన్న చలికాలంలో ఓ రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, నీకు కలెక్టర్ ఆఫీసులో ఎవరైనా తెలుసా?" అంది.

విషయమేంటంటే, వాళ్లు మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి ఊళ్లోకి కిలోమీటరు నడవాలి. స్టడీ అవర్స్ అయ్యి వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. దారంతా చీకటి. వీధి దీపాలు వెలగవు. ఒకపక్క కుక్కలు, ఇంకోపక్క మందు కొడుతూ కూర్చునేవాళ్లు. అప్పటికే ఇద్దరమ్మాయిలను ఇళ్లలో స్టడీ అవర్స్ మాన్పించేశారు. "నాన్న కూడా అదే అంటున్నాడు అన్నయ్యా" అని గొంతు తగ్గించి చెప్పింది.

నాకు మొదట వచ్చిన ఐడియా మీరూ ఊహించే ఉంటారు. ఫొటో తీసి పోస్ట్ పెట్టి, పది మంది పెద్దవాళ్లని ట్యాగ్ చేసేయడం! తర్వాత ఆఫీసు గుర్తొచ్చింది. 'యాప్ పనిచేయట్లేదు' అని ఒక్క ముక్క రాసిన కంప్లైంట్ వస్తే మేం ఎవరం దాని జోలికి పోం. ఏ ఫోన్, ఏ స్క్రీన్, ఏం నొక్కితే ఏమైంది అని రాస్తే మాత్రం తప్పించుకోలేం. అందుకే అడిగాను.

"మొత్తం ఎన్ని స్తంభాలున్నాయి? ఎన్ని వెలగట్లేదు? బల్బు పోయిందా, అసలు బల్బే లేదా?"

అవతల సైలెంట్. "లెక్కపెట్టి చెప్తా" అని పెట్టేసింది.

వారం రోజులు, ముగ్గురమ్మాయిలు, ఒక రఫ్ నోట్స్. మొత్తం 14 స్తంభాలు. వెలిగేవి 3. బల్బు పోయినవి 6. అసలు ఫిట్టింగే లేనివి 5. దీన్నే అర పేజీ అర్జీగా రాసి, కింద పదో తరగతి పిల్లలంతా సంతకాలు పెట్టి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చారు. పల్లెల్లో వీధి దీపాలు చూసుకోవాల్సింది గ్రామ పంచాయతీయే కదా. "మీకెందుకమ్మా ఇవన్నీ, చదువుకోండి" అన్నారట ఆయన. "చదువుకోడానికే సార్" అందట మా చెల్లి. నేను చెప్పినట్టే రెండో కాపీ మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకుని మరీ వచ్చింది.

మూడు వారాలు గడిచినా ఏమీ కదల్లేదు. ఈలోగా గ్రామసభ వచ్చింది. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లంతా. పిల్లలకు ఓటు లేదు, కాబట్టి సభ్యులు కారు. కానీ వాళ్ల అమ్మలకు ఉంది! నలుగురి ముందు ఎప్పుడూ నోరు విప్పని మా పిన్ని, ముద్ర ఉన్న ఆ కాగితం పట్టుకుని లేచి నిలబడి తేదీతో సహా చదివింది.

సంక్రాంతి లోపు ఆరు బల్బులూ మార్చారు. ఫిట్టింగ్ లేని ఐదింటికి 'నిధులు రావాలి' అన్నారు. ఇప్పటికీ రాలేదు. మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయి మళ్లీ స్టడీ అవర్స్‌కి వస్తోంది. ఇంకో అమ్మాయి రావట్లేదు. కాబట్టి ఇదేదో పెద్ద సక్సెస్ స్టోరీ అని చెప్పను. కానీ నేను బ్యాడ్జీ పెట్టుకుని ఏడాదంతా చేయలేని పని, మా చెల్లి ఏ బ్యాడ్జీ లేకుండా చేసింది. వాళ్ల క్లాస్ లీడర్ కూడా తను కాదు, ఫస్ట్ ర్యాంకర్ అబ్బాయి.

హైస్కూల్లో ఉన్నవాళ్లకి మనం చెప్పేది ఒకటే: 'ముందు చదువు, పద్దెనిమిది నిండాక చూద్దాం'. కానీ పద్దెనిమిదికి ముందే మీ చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 'పౌరులందరికీ' హక్కు ఇచ్చింది. వయసు మాట ఎక్కడా లేదు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు కూడా లేదు. 2012లో లక్నోలో ఆరో తరగతి చదివే పదేళ్ల పాప, గాంధీజీకి 'జాతిపిత' అనే బిరుదు ఎప్పుడిచ్చారని ఇదే చట్టం కింద అడిగింది. ఆ ప్రశ్న ప్రధాని కార్యాలయం నుంచి హోం శాఖకు, అక్కణ్నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కి తిరిగింది. చివరికి అలాంటి రికార్డేదీ లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది!

సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఇంట్లో ఒక పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. 9 నుంచి 12వ తరగతి వాళ్ల కోసం ఎన్నికల సంఘం 2018లో ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులు మొదలుపెట్టింది. మీ స్కూల్లో ఉందో లేదో అడగండి. ఇంటర్‌కి వచ్చాక 17 నిండితే, ఓటు కోసం ఫారం 6 ముందే ఇచ్చేయొచ్చు. పద్దెనిమిది నిండాక జనవరి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి.

వీటిలో దేనికీ మైకు పట్టుకుని మాట్లాడటం రానక్కర్లేదు. క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాళ్లు కూడా చేయొచ్చు. కావాల్సిందల్లా రెండు: ఇబ్బంది ఎవరికి వస్తోందో చూసే కళ్లు, లెక్క రాసే ఓపిక. నాకు ఆ వయసులో మొదటిదే లేదు. ఉంటే, పక్క వరసలో నీళ్లు తాగకుండా కూర్చున్నవాళ్లు కనిపించేవాళ్లు.

మొన్న ఆదివారం చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఈ ఏడాది వీధి దీపాలకి పంచాయతీ ఎంత ఖర్చు పెట్టిందో ఆర్టీఐలో అడగొచ్చా? నా పేరుతోనే పెట్టొచ్చా?"

పెట్టొచ్చు అన్నాను. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దని చెప్పబోయాను.

"తెలుసులే" అంది.