కుర్చీ ఖాళీ అయితే చాలా?

"పాపం, వీడి పని అయిపోయింది. పోయి పోయి ఆ టీములో పడ్డాడు."

ఏటా ఏప్రిల్ నెలాఖరులో ఒక గురువారం రాత్రి మా ఇంట్లో వినబడే మాట ఇది. అనేది మా వారు, అవునవునని తలూపేది మా అబ్బాయి. చపాతీలు కాలుస్తూ వినేది నేను. మొదట్లో నాకు పట్టేది కాదు. ఇప్పుడు పట్టడమే కాదు, అట్లకాడ పట్టుకుని హాల్లోకి వచ్చి మరీ వాదిస్తున్నాను. ఈసారి ఆ వాదనే మీతో కూడా పెట్టుకుందామని కూర్చున్నాను.

ఆ రాత్రి జరిగేది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 32 టీములు. కాలేజీ ఆట ముగించుకొచ్చిన కుర్రాళ్ళని అవి వరసగా ఎంచుకుంటాయి. మామూలుగా కిందటేడు బాగా ఓడిన టీముది ముందు వంతు. మొత్తం 7 రౌండ్లు, మూడు రోజుల తతంగం. పెళ్ళిచూపులు ఉంటాయి, పరుగు పరీక్షలుంటాయి, బరువూ పొడుగూ కొలుస్తారు. "ఈ ఇల్లు నాకొద్దు" అనే వీలు మాత్రం పిల్లాడికి ఉండదు. ఏ టీము పేరు పిలిస్తే దాని టోపీ పెట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాలి. అలా చేరిన చోటినే వీళ్ళు ల్యాండింగ్ స్పాట్ అంటారు.

ఇక ఫ్యాంటసీ ఫుట్‌బాల్ అంటే మన వైపు క్రికెట్‌కి ఆడే డ్రీమ్ 11కి పెద్దన్నయ్య లాంటిది. పది మంది స్నేహితులు లీగు పెట్టుకుని, ఆగస్టులో కూర్చుని ఆటగాళ్ళని వంతులవారీగా పంచుకుంటారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఆ సీజనంతా ఇంకొకరికి దొరకడు. మన ఆటగాడు నిజం ఆటలో 10 గజాలు పరిగెత్తితే మనకో పాయింటు, టచ్‌డౌన్ చేస్తే 6. బంతి పట్టుకుని పరిగెత్తడమే పనిగా ఉన్నవాడు రన్నింగ్ బ్యాక్, అంటే పాయింట్ల గని. వాళ్ళలో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని రూకీలంటారు. వాళ్ళ మీద ఆశ ఎక్కువ, సమాచారం తక్కువ. అందుకని అందరూ చూసేది ఒక్కటే. ఆ టీములో వీడికి ముందు ఇంకెవడైనా ఉన్నాడా? కుర్చీ ఖాళీగా ఉందా?

నేను ఇందులోకి వచ్చింది 2020లో. కోవిడ్‌తో అందరం ఇళ్ళలో ఉన్నాం. మా వారి లీగులో ఒకాయన మానేస్తే, "సంఖ్య సరిపోవాలి, నువ్వు ఊరికే పేరు పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు ఈయన. మిగతాది మీరు చూసుకునేటట్టయితే నా పేరెందుకండీ అని నేనే చూసుకున్నాను. పదకొండేళ్ళ మా వాడికి అంతకుముందే ఒక టీము ఇచ్చారు. వాడే నా గురువు.

ఆ ఏడాది డ్రాఫ్టులో మొదటి రౌండులో పిలుపొచ్చిన రన్నింగ్ బ్యాక్ ఒక్కడే. క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్, 32వ పిలుపు, కాన్సాస్ సిటీ చీఫ్స్. అప్పుడే సూపర్ బౌల్ గెలిచిన ఇల్లు, క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్, కోచ్ ఆండీ రీడ్. పైగా 2017లో ఇదే కోచ్ దగ్గరికి మూడో రౌండులో వచ్చిన కరీమ్ హంట్, ముందున్నవాడు గాయపడటంతో ఆ కుర్చీలో కూర్చుని, మొదటేడాదే 1,327 గజాలతో లీగులోనే ప్రథముడయ్యాడు. ఇంకేం, ఈ సంబంధం బ్రహ్మాండం అన్నారంతా. జులైలో చీఫ్స్ పాత రన్నింగ్ బ్యాక్ డేమియన్ విలియమ్స్ ఆ సీజను ఆడనని తప్పుకున్నాడు. తల్లికి క్యాన్సర్, బయట చూస్తే కోవిడ్. ఒక కొడుకు తల్లి కోసం ఆగిపోతే, ఇక్కడ వేల ఇళ్ళలో మగవాళ్ళు "కుర్చీ ఖాళీ" అని ఎగిరి గంతేశారు. మా ఇంట్లో కూడానండీ, దాచడం ఎందుకు. మా వారు హెలేర్‌ని మొదటి రౌండులోనే తీసేసుకున్నారు.

నేను నాలుగో రౌండులో జొనాథన్ టేలర్ అన్నాను. జూమ్‌లో నవ్వులు వినబడ్డాయి. ఇండియానాపోలిస్ కోల్ట్స్ అతన్ని 41వ పిలుపుతో తీసుకుంది. అక్కడ మార్లన్ మాక్ అనే అతను నిక్షేపంగా ఉన్నాడు, అంటే కుర్చీ నిండి ఉంది. నేను చూసింది రెండే. ఈ అబ్బాయి విస్కాన్సిన్ యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడి 6,174 గజాలు పరిగెత్తాడు. మూడేళ్ళూ క్లాసు ఫస్టు వచ్చిన పిల్లాడు ఎక్కడున్నా చదువుతాడు కదా అనిపించింది. రెండోది మా వాడు చెప్పింది. "అమ్మా, కోల్ట్స్ లైన్ చాలా స్ట్రాంగ్." లైన్ అంటే ముందు నిలబడి, అవతలివాళ్ళని అడ్డుకుని దారి చేసిపెట్టే ఐదుగురు పర్వతాల్లాంటి మనుషులు. వాళ్ళకి ఫ్యాంటసీలో ఒక్క పాయింటు రాదు. ఆ మాట విన్నాక నాకు వాళ్ళ మీద ప్రత్యేకమైన అభిమానం పుట్టింది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆ తర్వాత జరిగిందేమిటంటే, మొదటి ఆటలో హెలేర్ 138 గజాలు, ఒక టచ్‌డౌన్. మా వారు ఆ రాత్రి కాఫీ కూడా తనే పెట్టుకున్నారు, అంత సంతోషం. కానీ అదే ఆటలో గీత దగ్గరకొచ్చాక బంతి ఇచ్చినా అతను లోపలికి దూరలేక చాలాసార్లు ఆగిపోయాడు. చీఫ్స్‌ది అసలే మహోమ్స్ విసిరే బంతి మీద నడిచే ఇల్లు. అక్టోబరులో లెవియాన్ బెల్ అనే పేరున్న పాత ఆటగాణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఖాళీ కుర్చీ అంటే ఇదేనండీ, ఎప్పుడు ఎవర్ని తెచ్చి కూర్చోబెడతారో ఎవరికీ తెలియదు. ఏడాది మొత్తానికి హెలేర్ పరుగు 803 గజాలు, 4 టచ్‌డౌన్లు. చెడ్డ లెక్క కాదు, మొదటి రౌండు లెక్క మాత్రం కాదు.

నా టేలర్? మొదటి ఆటలోనే పాపం మాక్ మడమ నరం తెగి సీజను మొత్తానికీ దూరమయ్యాడు. నిండి ఉన్న కుర్చీ ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ అయిపోయింది. ఇందులో నా తెలివేమీ లేదు. పైగా నడి సీజనులో అతను నీరసపడితే నేనే భయపడి నవంబరులో రెండు వారాలు పక్కన పెట్టాను. చివరికి 1,169 గజాలు, 11 టచ్‌డౌన్లు. ఆఖరి ఆటలో 253 గజాలు పరిగెత్తాడు, అది కూడా మా లీగు ముగిసిపోయాక! మరుసటేడు 1,811 గజాలతో లీగులోనే మొదటివాడు.

మా వాడి కథ ఇంకా చిత్రం. మా లీగు డ్రాఫ్టు ఆగస్టు ఆఖరి శనివారం అయింది. సోమవారం నాడు జాక్సన్‌విల్ టీము తన పెద్ద రన్నింగ్ బ్యాక్ లియొనార్డ్ ఫోర్నెట్‌ని వదిలేసింది. ఆ వెనక ఉన్నది జేమ్స్ రాబిన్సన్ అనే కుర్రాడు, ఏడు రౌండుల్లోనూ ఎవరూ పిలవనివాడు. మా వాడు ఉచితంగా తీసేసుకున్నాడు. ఆ రాబిన్సన్ 1,070 గజాలు పరిగెత్తాడు. ఏప్రిల్‌లో అతని ల్యాండింగ్ స్పాట్ గురించి మాట్లాడినవాళ్ళు ఎవరున్నారు?

అందుకని నా అభిప్రాయం ఇదీ. చేరిన చోటు ముఖ్యమే. కాదని నేననను. కానీ జనం చోటు అని దేన్ని కొలుస్తున్నారో అది చోటులో అన్నిటికన్నా నిలకడ లేని ముక్క. ముందున్నవాడు ఉన్నాడా లేడా అన్నది ఏప్రిల్‌లో ఒకలా ఉంటుంది, సెప్టెంబరులో ఇంకోలా. నిలిచేవి వేరే. దారి చేసే లైన్ ఎలాంటిది, గీత దగ్గర బంతి ఎవరి చేతికిస్తారు, ఆటలో వెనకబడితే ఇతన్ని మైదానంలో ఉంచుతారా బయటికి లాగుతారా, అసలు ఆ కోచ్‌కి ఇతని విలువ తెలుసా. ఇవి ఎవరూ అడగరు. అడగడం కష్టం కాబట్టి.

నన్ను కూడా 2007లో ఎవరూ అడగలేదు. తెనాలిలో డిగ్రీ కాలేజీలో మూడేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. న్యూజెర్సీ సంబంధం వచ్చింది. "అబ్బాయి ఒక్కడే ఉంటాడు, అత్తా ఆడపడుచుల గొడవ లేదు, ఇల్లంతా నీదే" అన్నారు. అంటే కుర్చీ ఖాళీ. నిజమే, ఇల్లంతా నాదే. కానీ నేను వచ్చింది హెచ్4 వీసా మీద. ఉద్యోగం చేయకూడదు. అత్తగారి స్వభావం గురించి నాలుగూళ్ళు తిరిగి వాకబు చేసినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ ఒక్క మాట వాకబు చేయలేదు. మా వారిది తప్పని కాదు, ఆయనకీ దాని బరువు అప్పుడు తెలియదు. 2015లో కొందరు హెచ్4 వాళ్ళకి పని చేసే అనుమతి ఇచ్చారు. నా కాగితం నా చేతికొచ్చేసరికి ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ళ ఖాళీ, మర్చిపోయిన సగం ఆర్గానిక్. అప్పటికి నన్ను చూసినవాళ్ళు "ఆవిడకి ఉద్యోగం మీద ఆసక్తి లేదు" అనుకున్నారు. ఒకరిద్దరు నా ముందే అన్నారు.

అందుకే హాల్లోంచి "వీడు వేస్ట్" అన్న మాట వినబడితే నాకు ఒళ్ళు మండుతుంది. 2023లో బిజాన్ రాబిన్సన్‌ని అట్లాంటా 8వ పిలుపుతో తీసుకుంది. బంగారం లాంటి ఆటగాడు. కోచ్ మాత్రం బంతిని అందరికీ పంచి పెట్టేవాడు. రూకీ ఏడాది 976 గజాలు, పరుగు మీద 4 టచ్‌డౌన్లే. "ఇంత డబ్బా కొట్టారు, ఇంతేనా" అన్నారు. సీజను అయ్యాక ఆ కోచ్‌ని తీసేశారు. మరుసటేడు అదే ఇల్లు, అదే పిల్లాడు, 1,456 గజాలు, 14 టచ్‌డౌన్లు.

కుర్చీ పంచుకోవడం కూడా అన్నిసార్లూ నష్టం కాదు. అదే 2023లో డెట్రాయిట్ 12వ పిలుపుతో జామిర్ గిబ్స్‌ని తెచ్చింది. అప్పటికే డేవిడ్ మాంట్‌గమరీని తెచ్చి పెట్టుకున్నారు. తోడికోడళ్ళ కాపురం, ఇద్దరికీ అన్నం చాలదు అన్నారు మా వారు. ఆ ఏడాది మాంట్‌గమరీ 1,015 గజాలు, గిబ్స్ 945. టచ్‌డౌన్లు ఒకరికి 13, ఇంకొకరికి 10. లైన్ గట్టిది, ఇంట్లో వండేదే ఎక్కువ. ఇద్దరూ కడుపు నిండా తిన్నారు.

మా వారి వైపు న్యాయం కూడా చెప్పాలి. ఆయన ఎప్పుడూ విసిరే పేరు సేక్వాన్ బార్క్‌లీ. 2018లో మా న్యూయార్క్ జెయింట్స్ 2వ పిలుపుతో తీసుకుంది. జెయింట్స్ పేరుకి న్యూయార్క్, ఆడేది మాత్రం మా న్యూజెర్సీలోనే. అక్కడ లైన్ బలహీనం, టీము ఓటములే. అయినా కుర్చీ పూర్తిగా ఖాళీ, ప్రతి బంతీ అతనికే. మొదటేడాది పరుగు 1,307 గజాలు, పైగా 91 క్యాచులు. ఫ్యాంటసీలో అతన్ని తీసుకున్నవాళ్ళు పండగ చేసుకున్నారు. కాబట్టి ఒక్క సీజను లీగులో, ఆ ఒక్క ఏడాదికి, ఖాళీ కుర్చీ పాయింట్లు తెస్తుందని నేనూ ఒప్పుకుంటాను. మా వాడు స్కూలు స్నేహితులతో ఆడే లీగులో ఆటగాళ్ళని ఏళ్ళ తరబడి ఉంచుకోవాలి. అక్కడ మాత్రం కుర్చీ చూసి కొంటే ముణిగిపోతారు. బార్క్‌లీ కూడా 2024లో ఫిలడెల్ఫియా వెళ్ళి, మంచి లైన్ వెనక 2,005 గజాలు పరిగెత్తి, సూపర్ బౌల్ గెలిచాకే కదా అసలు ఎంతవాడో ప్రపంచానికి తెలిసింది! జెయింట్స్ అభిమాని అయిన మా వాడు ఆ ఆదివారం అన్నం సరిగ్గా తినలేదు.

హెలేర్ సంగతి చెప్పకుండా ఆపలేను. 2022లో అదే చీఫ్స్‌కి ఏడో రౌండులో, 251వ పిలుపుతో ఐజయా పచెకో వచ్చాడు. మా రాష్ట్రంలోని వైన్‌ల్యాండ్ కుర్రాడు, రట్గర్స్‌లో చదివాడు. హెలేర్ ఉన్నాడుగా, వీడికి చోటెక్కడ అన్నారు. ఆ ఏడాదే చోటు సంపాదించాడు. హెలేర్ వెనక్కి జరిగాడు, 2024 డిసెంబరులో చీఫ్స్ అతన్ని వదులుకుంది. ఆ వేసవిలోనే అతను విలేఖరుల ముందు చెప్పాడు, కాలేజీ రోజుల్లో జరిగిన ఒక ఘటన తాలూకు భయం తనని వదల్లేదని, ఆ మానసిక గాయంతో ఇన్నాళ్ళూ బాధపడుతున్నానని. ఆ వార్త మా వాడే ఫోనులో చదివి వినిపించాడు. 2020లో ప్రతి ఆదివారం ఆ పేరు మా సోఫాలో ఎన్ని తిట్లు తిన్నదో ముగ్గురికీ గుర్తే. మా వారు టీవీ కట్టేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈసారి మా డ్రాఫ్టు మళ్ళీ ఆగస్టు ఆఖరి శనివారమే. పులిహోర నాది, సమోసాలు బయటివి. ఒక రూకీ పేరు రాసుకున్నాను, ఎవరో చెప్పను. మా వారు నిన్న నా కాగితం తొంగి చూసి, "వాడి ముందు ఇంకొకడున్నాడోయ్" అన్నారు.

"ఉండనివ్వండి. లైన్ ఎలా ఉందో చూశారా?" అన్నాను.